పుల్లోడి అలుపు

పుల్లోడు చచ్చిపోయి మూడు రోజులైంది. ఇంకా పూడ్చలేదు. ఈ దేశంలో మార్చి నెలలో నేల తవ్వడం గునపానికి అయ్యే పని కాదు. అందుకని వాణ్ని చేపలు దాచే కొట్టంలో, నా పాత ఎర్ర దుప్పట్లో చుట్టి, ఓ బల్ల మీద పడుకోబెట్టాం. పవియా రోజూ పొద్దున్నే వచ్చి తలుపు తీసి చూసి, మళ్ళీ మూసి వెళ్ళిపోతాడు. మాతో ఏమీ మాట్లాడడు. మాట్లాడితే బాగుండునని నాకుంటుంది. తిట్టినా సరే.

పవియా ఇక్కడి మనిషి. గ్రీన్‌లాండ్ పడమటి తీరాన మా పరిశోధన కేంద్రం ఉన్న ఈ ఊళ్ళోనే పుట్టాడు. అరవై ఏళ్ళుంటాయి. మంచుబండ్లు లాగే కుక్కల్ని పెంచుతాడు, తోలుతాడు. పుల్లోడు ఆయన బండికి ముందు నడిచే కుక్క. ఆ పేరు పెట్టింది నేను. పవియాకి నోరు తిరక్క 'పులూ' అనేవాడు. వాడు రెండింటికీ పలికేవాడు.

నా పేరు వెంగమ్మ. జంతువుల ఒళ్ళు ఎలా పనిచేస్తుందో చదువుకున్నదాన్ని. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. నాతోపాటు నా తమ్ముడు తిరపతయ్య. వాడు యంత్రాలు చేస్తాడు, నేను ఆ యంత్రాలు జంతువులకి తగిలించవచ్చో లేదో చెబుతాను. అదీ మా ఉద్యోగం.

మూడో రోజు కదా అని, పొద్దున కాస్త అన్నం వండి, ముద్ద చేసి, కొట్టం వెనక రాతి మీద పెట్టాను. కుక్కకి చిన్నదినం ఏమిటని మా ఊళ్ళో అయితే నవ్వుతారు. నవ్వుకోనీ. నేను చెయ్యి వెనక్కి తీసేలోపే పెద్ద కాకి ఒకటి దిగి ముద్దంతా ఎత్తుకుపోయింది. ఇక్కడి కాకులు మన కాకులకి రెండింతలుంటాయి, సిగ్గు మాత్రం సగం కూడా ఉండదు. కుక్కల నోటి ముందరి చేపముక్కనే లాక్కుపోతాయి.

వెనకనుంచి తిరపతయ్య నవ్వాడు. "ముట్టింది గదక్కా. వాడికి కోరికలేం మిగల్లా. ఇంకేందికి దిగులు?"

"ఆ కాకి నీ బూటు పెట్టినా ముడతది," అన్నాను.

"అయితే బూటే పెడతాలే. నువ్వు మాత్రం సంతకం పెట్టు. రేపు మజ్జాన్నానికి కాగితం పోవాల."

ఆ సంతకం సంగతి చెప్పాలంటే పట్టెడ సంగతి చెప్పాలి. పట్టెడ సంగతి చెప్పాలంటే మా నాన్న ఎద్దుల దాకా పోవాలి.

మాది ప్రకాశం జిల్లా. నాన్న బండలాగుడు పోటీలకి ఎద్దుల్ని తయారుచేసేవాడు. ఇచ్చిన సమయంలో ఎద్దుల జత ఆ బండరాతిని ఎంత దూరం లాగితే అంత గొప్ప. మా కొట్టంలో ఎప్పుడూ ఒక పుల్లోడు ఉండేవాడు. ఒకడు పోతే ఇంకొకడు వచ్చేవాడు, ఒళ్ళు కాస్త ఎర్రగా ఉంటే చాలు అదే పేరు. పందెం జరుగుతుంటే నాన్న ఎద్దు పక్కనే పరుగెత్తుతూ దాని డొక్క మీద చెయ్యి ఆనించి ఉంచేవాడు. ఉన్నట్టుండి, ఇంకా సమయం మిగిలి ఉండగానే, "దించండ్రా కాడి" అనేవాడు. జనం ఈలలేసేవాళ్ళు. చేతికొచ్చిన పందెం పారేశాడని బాబాయిలు వారం రోజులు పోట్లాడేవాళ్ళు. నాన్నది ఒకటే మాట. "మంచి ఎద్దు దానంతటది ఆగదురా. మనమే ఆపాల." నాన్న గెలిచిన పందాలు తక్కువే. ఆయన దగ్గర పోయిన ఎద్దులన్నీ ముసలితనంతోనే పోయాయి.

ఆ చెయ్యి చేసే పని యంత్రంతో చేయించాలని నాకూ తమ్ముడికీ పుట్టిన ఆలోచనే ఈ పట్టెడ. చూస్తే కుక్క మెడకి కట్టే మామూలు తోలు పట్టీ. లోపలివైపు వెంట్రుక కంటే సన్నని తీగలుంటాయి. కాళ్ళనుంచి మెదడుకి పోయే కబురుని అవి దారిలో వింటాయి. ఆ కబురు బండి తోలేవాడి నడుముకున్న బెల్టుకి వస్తుంది, అక్కణ్ణుంచి అతని ఒంట్లోకి. కుక్క పాదానికి తెలిసింది మనిషి పాదానికి తెలుస్తుంది.

ఇక్కడ దాని అవసరం చాలా ఉంది. సముద్రం మీద పేరుకునే మంచు ఇప్పుడు పాత లెక్కలకి లొంగడం లేదు. తాతల కాలం నుంచి నడిచిన దారిలోనే పవియా వాళ్ళన్న మోటారు మంచుబండితో సహా మునిగిపోయాడు. మోటారుకి కింద ఏముందో తెలియదు. కుక్కకి తెలుస్తుంది, కాని చెప్పడం దానికి చేతకాదు.

మొదటిసారి పవియాకి బెల్టు కట్టిన రోజు నేను ఒడ్డున నిలబడి చూశాను. పుల్లోడు ముందు నడుస్తున్నాడు. పవియా వెనక బండి మీద నిలబడి ఉన్నాడు. ఒకచోట ఇద్దరూ ఒకేసారి కుడికాలు పైకెత్తారు. అక్కడ గడ్డపార దింపి చూస్తే మంచు పొర జొన్నరొట్టెంత మందం కూడా లేదు. తిరిగొచ్చాక పవియా చాలాసేపు పుల్లోడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ వీడు నాకు చెబుతూనే ఉన్నాడన్నమాట," అన్నాడు. నాకు ఆ రోజు నాన్న గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నెల తిరక్కుండానే చిక్కు వచ్చింది. పాదం కబురొక్కటే విడిగా రాదు గదా. ఆకలి వస్తుంది, దాహం వస్తుంది, అన్నిటికన్నా ఎక్కువగా అలుపు వస్తుంది. బండి మీద ఊరికే నిలబడ్డ మనుషులు మూడు గంటలకల్లా దిగి, మంచులో కూలబడి, ఇక మావల్ల కాదనేవాళ్ళు. వాళ్ళ ఒంట్లో బలం ఎక్కడిదక్కడే ఉంది. అలుపు కుక్కలది.

పవియా ఒక్కడే ఫిర్యాదు చెయ్యలేదు. "వాడు అలిసిపోతే నేను అలిసిపోతాను. ఆగుతాం. టీ తాగుతాం. ఇందులో ఇబ్బందేముంది?" అనేవాడు.

ఇబ్బంది మాకు జీతాలిచ్చే సంస్థకి కలిగింది. ఒక రోజులో చేరాల్సిన మందులు రెండు రోజులకి చేరుతున్నాయని ఉత్తరాలొచ్చాయి. అప్పుడు తిరపతయ్య కూర్చుని, కలిసి వచ్చే ఆ కబురుని జడ విప్పినట్టు పాయలుగా విడదీశాడు. పాదం పాయ, ఆకలి పాయ, అలుపు పాయ. అలుపు పాయకి ఓ మర పెట్టాడు. దాన్ని తిప్పితే అలుపు బెల్టులోకి రాదు. వాడి తెలివికి నేనే పొంగిపోయాను. కాగితం మీద నేను రాసిచ్చిన వాక్యం ఇది: 'కుక్క అలిసినప్పుడు తనంతట తాను ఆగుతుంది కనక, ఈ పాయ మూసినందువల్ల ప్రమాదం లేదు.'

ఇంకెవరు రాసినా తెలియక రాశారని సరిపెట్టుకోవచ్చు. నేను ఎద్దుల కొట్టంలో పెరిగినదాన్ని. నాన్న చేతిని ఇరవయ్యేళ్ళు చూసినదాన్ని.

పోయిన ఆదివారం సముద్రపు పాయకి అవతలున్న పల్లెలో ఒకావిడకి కాన్పయి రక్తం ఆగలేదు. పొగమంచు వల్ల హెలికాప్టరు లేవలేదు. తెల్లవారుతూనే పవియా రక్తం సీసాలు తీసుకుని బయల్దేరాడు. పుల్లోడు ముందు, వెనక పదకొండు కుక్కలు. ఏడు గంటలు ఎక్కడా ఆగకుండా వెళ్ళారు. ఆవిడ బతికింది, బిడ్డా బాగుంది. ఆ ఏడు గంటల గురించి నాకు ఏ విచారమూ లేదు.

అయితే మర్నాడు పొద్దున్నే పట్టెడ చూడడానికి సంస్థ పెద్దలు వస్తున్నారు. కుక్కలు ఇక్కడ ఉండాలి. మధ్యాహ్నం నేనే రేడియోలో పవియాని పిలిచి, వెంటనే తిరిగి రాగలరా అని అడిగాను.

"కుక్కలు ఈ రాత్రికి పడుకుంటే మంచిది డాక్టర్," అన్నాడు పవియా.

నేను తెర చూశాను. పాదం పాయలన్నీ పచ్చగా ఉన్నాయి. "పాదాలన్నీ బాగున్నాయి పవియా. మీకేమన్నా అలుపుగా ఉందా?"

"నాకేం లేదు," అన్నాడు.

నిజమే చెప్పాడు. మర మూసి ఉంది.

"అయితే వచ్చేయండి," అన్నాను.

బాగా చీకటిపడ్డాక వచ్చారు. పుల్లోడు వరసలో తన చోట తాను నిటారుగా నిలబడే ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి, పట్టెడ విప్పబోతూ, చిన్నప్పటి అలవాటు కొద్దీ వాడి డొక్క మీద చెయ్యి వేశాను. చేతికి తగిలినదాన్ని బట్టి నాకు అర్థమైపోయింది. పట్టెడ తీశాను. వాడు పడుకుని, నా బూటు మీద గడ్డం ఆనించాడు. పవియా నీళ్ళు తెచ్చేలోపు గుండె ఆగిపోయింది.

మర్నాడు పెద్దలు వచ్చారు, మిగతా కుక్కల్ని చూశారు, మెచ్చుకున్నారు. పుల్లోడు పోయినందుకు నొచ్చుకున్నారు కూడా. వాళ్ళకి మర ఒక్కటే నచ్చలేదు. మరంటూ ఉంటే ఎవడో ఒకడు తిప్పి తెరుస్తాడు, అసలు ఆ పాయే లేకుండా చెయ్యండి అన్నారు. అలా చేస్తే తీరం పొడుగునా నలభై ఊళ్ళకి పట్టెడలు వెళతాయి. కొత్త పట్టెడలకి పుల్లోడి నడకే నమూనా, దాన్లోంచి అలుపు పాయ తుడిచేసి వాడాలి. దీనివల్ల కుక్కలకి హాని లేదని నేను మళ్ళీ ఒక సంతకం పెట్టాలి. కాకి ముట్టిందని తిరపతయ్య అడిగిన సంతకం అదే.

పనిగదిలోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. కాగితం తీసుకోలేదు.

"మర మూశాక పుల్లోడి అలుపు ఎక్కడికి పోయిందిరా?" అని అడిగాను.

"యాడికి పోద్ది? బెల్టులోకి రాదంతే. డబ్బాలో రాసుకుంటానే ఉంటది. పద్నాలుగు గంటలది అట్టానే ఉంది. రేపు తుడిచేస్తా."

"ఆ బెల్టు నాకు కట్టు."

"ఏందక్కా ఇది. యాభై రెండేళ్ళొచ్చినయ్ నీకు. అది మనుషులు మోసేది గాదు."

"కుక్క మోసింది గదా. చివరి గంట పెట్టు, చాలు."

సణుగుతూనే కట్టాడు. ఒంటికి ఏ హానీ చెయ్యదది, అలుపు తెలుస్తుందంతే. అయినా ఇప్పటికీ నా కాళ్ళు ఆ గంటని మర్చిపోలేదు. ముందు పిక్కలు బరువెక్కాయి. తర్వాత నడుము. తర్వాత నాలుక కూడా బరువైంది. నిద్ర కాదది, నిద్రైతే ఒక సుఖం ఉంటుంది. ఇంకో అడుగు, ఇంకో అడుగు, ప్రతి అడుగూ కొత్తగా మొదలుపెట్టాలి. మధ్యలో తెర మీద బండి నెమ్మదించినప్పుడల్లా ఆ అలుపులో ఒక ఎదురుచూపు వచ్చేది. ఆపుతారేమోనని ఒళ్ళంతా ఒక్క క్షణం వదులయ్యేది. బండి మళ్ళీ తోలగానే బిగుసుకునేది. అలా గంటలో పదకొండుసార్లు వచ్చింది. వాడు ఆగడం చేతకాక ఆగలేదనుకున్నాను ఈ మూడు రోజులూ. వాడు మా మాట కోసం చూశాడు.

చిట్టచివర ఇంకొకటుంది. అది వచ్చినప్పుడు నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎనిమిది సెకన్లపాటు అలుపు సగానికి సగం తగ్గింది. తెర మీద సమయం చూశాను. నేను వాడి డొక్క మీద చెయ్యి వేసిన సమయమది.

బెల్టు విప్పాను. తిరపతయ్య మంచినీళ్ళు ఇచ్చాడు.

"ఇప్పుడు నువ్వు కట్టుకో," అన్నాను.

"నేనేందికి? నేను చేసిందే గదా. నాకు తెలవదా అందులో ఏముందో?"

"తెలుసు. అందుకే ఆరేళ్ళలో ఒక్కసారి గూడా నువ్వు కట్టుకోలా."

వాణ్ని నొప్పించాలని నాకు లేదు, కాని అలిసిపోయిన మనిషికి మాట మీద అదుపుండదు. "నాన్న పెద్దదినానికీ రాలేదురా నువ్వు. విమానాలు లేవన్నావ్. నమ్మాను. ఇయ్యాల దీనికన్నా కూర్చో."

కూర్చున్నాడు. బెల్టు కట్టి, మీట నా చేతిలో పట్టుకున్నాను. నాకు పెట్టిన గంటే మొదటినుంచి పెట్టాను. మొదటి ఐదు నిమిషాలు, "ఇంతేగా" అన్నాడు. పదో నిమిషానికి మోచేతులు బల్ల మీద ఆనించాడు. పావుగంటకి తల కూడా ఆనించాడు. ఇరవయ్యో నిమిషంలో "ఆపక్కా," అన్నాడు.

వెంటనే ఆపాను.

"అడిగావు, ఆపాను," అన్నాను. "వాడూ అడిగాడురా. ఆ అడిగేది ఎవరికీ వినపడకుండా నువ్వు మర పెట్టావు, నేను సంతకం పెట్టాను."

వాడు తల ఎత్తినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చివర్లో ఏందో వచ్చింది నీకు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావ్. ఏందది?"

"చెయ్యి."

"నాన్నదా?" అన్నాడు. అని తనకే సిగ్గేసి తల దించుకున్నాడు.

"నాదే. ఆలస్యంగా వేశాను."

ఆ ఎనిమిది సెకన్లు తనకీ పెట్టమన్నాడు. పెట్టాను. తర్వాత వాడు లేచి, గోడకి తగిలించిన పట్టెడలన్నీ దించి బల్ల మీద పోసుకుని, మర తర్వాత మర ఊడదీయడం మొదలుపెట్టాడు. మరలు పోయాయి, అలుపు పాయలు తెరిచే ఉన్నాయి. నేను కాగితం తీసుకున్నాను. పాత వాక్యం తప్పని రాశాను. దాని కింద, 'మంచి కుక్క తనంతట తాను ఆగదు. ఆపవలసింది తోలేవాడు. అందుకోసం కుక్కతోపాటు అతనూ అలిసిపోవాలి' అని రాసి సంతకం పెట్టాను.

సంస్థ నుంచి రెండు రోజుల్లో జవాబొచ్చింది. నలభై ఊళ్ళ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. వేసవి తర్వాత మా ఇద్దరి అవసరం ఉంటుందో లేదో మళ్ళీ తెలియజేస్తారట. ఇంత మర్యాదగా పొమ్మనడం వాళ్ళకే చెల్లింది.

పదకొండో రోజున పుల్లోణ్ని ఊరవతల గుట్ట మీదికి తీసుకెళ్ళాం. నేల కరిగేదాకా ఇక ఆగలేక, తవ్వే పని లేకుండా పైన రాళ్ళు పేర్చే ఇక్కడి పాత పద్ధతే పాటించాం. ముగ్గురం రాళ్ళు మోశాం. సగం పేర్చాక నేను పవియాతో చెప్పేశాను. "ఆ రోజు మీరు పడుకోనిద్దామన్నారు. నేను వినలేదు. నన్ను క్షమించండి."

పవియా చేతిలోని రాయి కింద పెట్టాడు. "మీరు నన్ను అడిగారు డాక్టర్. నాకేం లేదని చెప్పింది నేను."

"మీకు తెలియలేదు గదా. మర..."

"నలభై ఏళ్ళు కుక్కల నడక చూసి చెప్పేవాణ్ని, ఎప్పుడు ఆపాలో. చెవులు చూసి, తోక చూసి. మీ బెల్టు కట్టాక చూడడం మానేశాను. బెల్టు ఏమీ చెప్పలేదు, వాడికేం లేదనుకున్నాను." రాయి మళ్ళీ ఎత్తాడు. "రోజూ కొట్టం తలుపు తీసి ఆ మాటే వాడికి చెబుతున్నాను. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఇన్ని రోజులూ ఆయన నామీద కోపంతో మాట్లాడడం లేదనుకున్నాను. ఇద్దరం ఒకే బరువు రెండు వైపులనుంచి మోస్తూ ఒకరికొకరం చెప్పుకోలేదు. మిగతా రాళ్ళు కూడా పేర్చాం. తిరపతయ్య జేబులోంచి కాగితంలో చుట్టిన అన్నం ముద్ద తీసి పై రాతి మీద పెట్టాడు. నేను వాడివైపు చూశాను.

"పెద్దదినం గదక్కా," అన్నాడు.

కాకి వచ్చింది. ఎత్తుకుపోయింది. ఈసారి తిరపతయ్య నవ్వలేదు.

నెల తర్వాత అవతలి పల్లెకి మందులు పంపాల్సి వచ్చింది. సంస్థ వద్దనలేదు, అవుననీ అనలేదు. పవియా మర లేని పట్టెడలతో బయల్దేరాడు. ముందు కొత్తగా తెచ్చిన ఒక ఆడకుక్క నడుస్తోంది, దానికి ఇంకా దారి సరిగా అలవాటు కాలేదు. నేనూ తమ్ముడూ రేడియో దగ్గర కూర్చున్నాం. నాలుగో గంటలో తెర మీద బండి ఆగిపోయింది.

"ఎందుకాగారు పవియా? మంచు పల్చగా ఉందా?"

"మంచు బాగానే ఉంది. అలుపుగా ఉంది."

"మీకా, దానికా?"

రేడియోలో గాలి చప్పుడు వినిపించింది. "తేడా తెలియడం లేదు," అన్నాడు.

తిరపతయ్య నావైపు చూశాడు. మందులు రేపటికి గాని చేరవు. మళ్ళీ ఉత్తరం వస్తుంది. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. లేచి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాడు.

"దించండి కాడి," అన్నాను రేడియోలోకి, తెలుగులోనే.

పవియా అర్థం అడగలేదు. కాసేపటికి అటునుంచి కుక్కల పట్టెడలు ఒక్కొక్కటే విప్పుతున్న చప్పుడు వినిపించింది. పన్నెండూ విప్పేదాకా వింటూ కూర్చున్నాను.